కార్డు వెనక తెలుగు రాసుకున్నాక

ఇటలీ చలిదేశం అనుకుని రెండు స్వెట్టర్లు, అమ్మ బలవంతం మీద ఒక మంకీ క్యాపు తెచ్చుకున్నాను. తీరా జూన్ నెలాఖరుకి తొరీనోలో మా తెనాలిని తలపించే ఉక్క. నలుగురం కలిసి ఉండే ఫ్లాట్‌లో ఏసీ లేదు. ఒక రాత్రి వంటింట్లో నీళ్ళు తాగుతూ, అక్కడున్న ఇద్దరు ఇటాలియన్ అబ్బాయిలతో మాట కలుపుదామని ‘సోనొ కాల్దొ’ అన్నాను. నాకు వేడిగా ఉంది అని చెప్పడం నా ఉద్దేశం. ఒకడు చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. రెండోవాడు కాస్త మంచివాడు. ఆ మాట వాతావరణం గురించి అనేది కాదని, ప్రేమికుల మధ్య వేరే సందర్భంలో అనుకునేదని నెమ్మదిగా చెప్పాడు. అనాల్సింది ‘ఓ కాల్దొ’ అట.

నేను వచ్చి అప్పటికి పది నెలలు. మాటలు కంఠస్థం చేయించే యాప్ ఒకటి ఫోన్‌లో ఉంది, అందులో అప్పటికి నేను చూసిన ఇటాలియన్ కార్డులు 1,400. వాటిలో ‘కాల్దొ’ ఒకటి, దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. ముందు వైపు కాల్దొ, వెనక వైపు ఇంగ్లీషులో హాట్. నోరు తెరిచేసరికి మెదడు ముందు ‘ఐ యామ్ హాట్’ అనే వాక్యం కట్టుకుని, ఒక్కో మాటకీ ఇటాలియన్ మాట అతికించి బయటికి పంపింది. కార్డులో తప్పేం లేదు. నేనే తెనాలి నుంచి తొరీనోకి లండన్ మీదుగా తిరిగి వస్తున్నాను.

ఆ రాత్రే మంచం మీద పడుకుని ఆ కార్డు తెరిచి, హాట్ కొట్టేసి రాశాను: వేడి. ఓ కాల్దొ, నాకు వేడిగా ఉంది. నా మొదటి తెలుగు కార్డు అదే.

ఇంతకీ ఈ కార్డుల సంగతి. నేను వాడే యాప్ అంకీ. పేరు జపాన్ మాట, కంఠస్థం చెయ్యడం అని అర్థం. 2006 నుంచీ ఉంది. కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. ముందు వైపు ప్రశ్న చూపిస్తుంది, మనసులో జవాబు చెప్పుకుని తిప్పి చూసుకోవాలి. తర్వాత అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగు బటన్లు. దేన్ని నొక్కామన్నదాన్ని బట్టి ఆ కార్డు మళ్ళీ ఎప్పుడు రావాలో లెక్క వేసుకుంటుంది. బాగా వచ్చిన మాట నాలుగు రోజులకి, తర్వాత పది రోజులకి, నెలకి, అలా దూరం జరుగుతూ పోతుంది. రాని మాట నిమిషంలో తిరిగి వచ్చి కూర్చుంటుంది. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లోనే పుస్తకం వేశాడు. మరిచిపోబోయే ముందు గుర్తు చెయ్యాలన్నదే ఈ యాప్ పట్టుకున్న కిటుకు.

మా తాతయ్యకి ఇవేవీ తెలియవుగానీ అమరకోశం వచ్చు. చదవడం వేరు, ఒప్పజెప్పడం వేరు అనేవాడు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని వందసార్లు చదివినా రానిది, పుస్తకం మూసేసి ఒక్కసారి ఒప్పజెప్పడానికి కూర్చుంటే వస్తుంది. అంకీ చేయించేది అచ్చంగా అదే. కాకపోతే బెత్తం ఉండదు.

2023 సెప్టెంబర్లో వచ్చాను, మాస్టర్స్‌కి. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే. ఇటాలియన్ రాకపోయినా డిగ్రీ వస్తుంది. కానీ డిగ్రీ ఒక్కటే తిని బతకలేం కదా. ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్ దరఖాస్తు మీద అతికించే 16 యూరోల స్టాంపుని ‘మార్క ద బొల్లొ’ అంటారని, దాన్ని పోస్టాఫీసులో కాకుండా సిగరెట్లు అమ్మే కొట్లో కొనాలని తెలుసుకోవడానికే నాకు ఒక పూట పట్టింది. అక్టోబర్లో ఎవరో తయారుచేసి పెట్టిన డెక్, అంటే కార్డుల కట్ట, ఒకటి దించుకున్నాను. ఎక్కువగా వాడే 5,000 మాటలు, వరస క్రమంలో, వెనక ఇంగ్లీషు. రోజుకి 20 కొత్త కార్డులు అని యాప్ మొదట్లో పెట్టి ఉంచుతుంది. ఆ 20 చాలా తక్కువనిపించింది. ఇరవై కొత్తవి అంటే ఇరవైతో పోదని నాకేం తెలుసు? నిన్నటివి, మొన్నటివి, పోయిన వారానివి అన్నీ వచ్చి చేరతాయి. రెండో నెలకల్లా రోజుకి 150 కార్డులు దాటాయి. లైబ్రరీకి వెళ్ళే దారిలో కొన్ని, బాత్రూంలో కొన్ని, సగం నిద్రలో కొన్ని. చివరికి కొత్తవి ఐదుకి దించాను.

మార్కులు మాత్రం బాగానే వచ్చేవి. ‘ప్రభుత్వం’ వచ్చు, ‘అభివృద్ధి’ వచ్చు, ‘అయినప్పటికీ’ కూడా వచ్చు. బేకరీలో రెండు బన్నులు అడగడం రాదు.

మార్చిలో శాన్ సాల్వారియో అనే పేటలో ఒక చిన్న హోటల్లో సాయంత్రం పని దొరికింది. స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటల వరకు చేసుకోవచ్చు. పని పేరు లావపియత్తి, అంటే గిన్నెలు తోమేవాడు. వంట చేసే ఆవిడది జెనోవా వైపు, అరవై దాటాయి. ఒక్కముక్క ఇంగ్లీషు రాదు, రావాలనీ లేదు. నన్ను నువ్వు అంటుంది, నేను మీరు అంటాను. ఈ నువ్వు, మీరు తేడా ఇటాలియన్‌లోనూ మనలాగే ఉంటుంది, దాన్ని నేర్చుకోవడానికి నాకు ఒక్క కార్డు కూడా పట్టలేదు.

మొదటిరోజు ఆవిడ పొయ్యి మీంచి తిరిగి ‘స్కొత్త!’ అని అరిచి ఒక బాణలి నా ముందు పెట్టింది. నేను పట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది. నా 5,000 మాటల డెక్‌లో ఆ మాట ఎక్కడో 4,000 తర్వాత ఉండి ఉంటుంది. లేదా అసలు లేదో.

అప్పట్లో ఆ డెక్ తయారుచేసినవాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, లోపం వాడిది కాదు, లెక్కది. తుల్లియొ దె మౌరొ అని ఇక్కడ పెద్ద భాషావేత్త ఉండేవాడు. ఇటాలియన్‌కి దాదాపు 7,000 మాటల ప్రాథమిక పదజాలం ఒకటి 1980లో ఇచ్చాడు, 2016 చివర్లో కొత్తగా సవరించాడు. అందులో 2,000 మాటలు ఎక్కడ చూసినా కనపడేవి. మనం మాట్లాడేదాంట్లో, రాసేదాంట్లో చాలా భాగం వాటితోనే నడుస్తుంది. కానీ ఆయన విడిగా ఇంకో గుంపు పెట్టాడు. పుస్తకాల్లో, పేపర్లలో లెక్కపెడితే పెద్దగా తగలవు, అయినా ఇంట్లో పుట్టి పెరిగిన ప్రతివాడి నోట్లోనూ సిద్ధంగా ఉంటాయి. ఇంటి సామాన్లు, వంటింటి మాటలు అలాంటివి. పేపర్లో ‘గరిటె’ అనే మాట ఎన్నిసార్లు చూస్తాం? అట్లని గరిటె తెలియని తెలుగువాడు ఉంటాడా?

ఉంటాడు. చిక్కు అక్కడే వచ్చింది.

కాల్దొ సంఘటన తర్వాత, దించుకున్న డెక్ మొత్తం పక్కన పెట్టేశాను. తుడిచెయ్యడానికి మనసు రాలేదు, సస్పెండ్ చేశాను. ఆ రోజు నా చెవిన పడ్డ మాటలే కార్డులవ్వాలి, వెనక తెలుగే ఉండాలి అని నియమం పెట్టుకున్నాను. హోటల్లో జేబులో చిన్న పుస్తకం, ఇంటికొచ్చాక అంకీ. మొదటి రాత్రి ఆరు మాటలు. అందులో రెండింటికి నాకు తెలుగు రాలేదు. నేను ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంటర్లో మార్కుల కోసం అందరిలాగే తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాను. ‘స్క్యుమరోల’ అంటే ఏమిటో కళ్ళారా చూశాను, దాంతో నూనెలోంచి కూరగాయ ముక్కలు తీస్తున్నారు. ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో తెలియదు. తెలుగులోనూ తెలియదు.

అమ్మకి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి పదకొండున్నర, అక్కడ మూడు. పొద్దున చెయ్యచ్చుగా అంటారేమో. చేతులు అప్పటికే నొక్కేశాయి.

“ఏమైందిరా?” అంది కంగారుగా.

“ఏం లేదమ్మా. బూందీ తీస్తావే, చిల్లులుంటాయి, దాన్నేమంటారు?”

కొంచెంసేపు మాట లేదు. తర్వాత “చిల్లుల గరిటె. అన్నం తిన్నావా?” అంది.

తర్వాత్తర్వాత పొద్దున్నే చేసేవాణ్ణి. అలా పది పన్నెండు రోజుల్లో మా ఇంటి వంటిల్లు మొత్తం తొరీనోకి వచ్చింది. కొపెర్కియొ, మూత. మెస్తొలొ, గరిటె. స్త్రొఫినాచ్చొ, మసిగుడ్డ. స్కొత్త అంటే ‘కాలుద్ది!’ ఒక్క మాట, కర్త లేదు, కర్మ లేదు. మా అమ్మ అరిచేదీ అంతే. ఈ కార్డు రెండోసారి వచ్చినప్పుడు నేను గుర్తు తెచ్చుకోవలసిన అవసరమే రాలేదు, చెయ్యే వెనక్కి లాక్కుంది.

వీటిలో నాకు బాగా నచ్చింది ‘స్కొలారె’. ఉడికిన పాస్తాలోంచి నీళ్ళు తీసెయ్యడం. ఇంగ్లీషు డెక్‌లో దానికి డ్రెయిన్ అని ఉంది. ఆ మాట వింటే నాకు మురిక్కాలవ గుర్తొస్తుంది. అమ్మని అడిగితే అర సెకను పట్టలేదు: “వార్చడం. గంజి వార్చడం లేదూ?” దాని వెనకే స్కొలపాస్త, చిల్లుల గిన్నె. “అంటే సిబ్బి లాంటిదన్నమాట. మీ నాయనమ్మ దగ్గర వెదురుది ఉండేది” అంది. ప్రెషర్ కుక్కర్ కాలంలో పుట్టినవాణ్ణి, అన్నం వార్చగా చూసింది పెళ్ళిళ్ళలోనే. నా సొంత భాషలో మాట నాకు ఇటాలియన్ పుణ్యమా అని వచ్చింది. కార్డు మీద మూడూ రాసుకున్నాను, స్కొలారె, వార్చు, సిబ్బి. ఈ రోజుకీ తప్పలేదు.

ఇంకోటి చెప్పాలి. పెస్తొ అనే పచ్చటి సాస్ మన ఊళ్ళలో కూడా ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. ఆ పేరు ‘పెస్తారె’ నుంచి వచ్చింది, అంటే దంచడం. జెనోవా వాళ్ళు పాలరాయి రోట్లో చెక్క రోకలితో తులసి జాతి ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, ఉప్పు, చీజు, ఆలివ్ నూనె వేసి దంచుతారు. పెస్తొ అంటే దంచినది. మనకి రోటిపచ్చడి. ఈ మాట హోటల్లో వంట చేసే ఆవిడకి చెబితే, మీరూ రోట్లో దంచుతారా అని అడిగింది. ఎండుమిరపకాయలు కూడా అన్నాను. ఆవిడ చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

కార్డుల్లో గొంతు కూడా ఆవిడదే. అంకీలో కార్డు మీదే రికార్డు చేసుకోవచ్చు. మొదట్లో ఫోర్వొ అనే సైటులో జనం పలికి పెట్టిన ఉచ్చారణలు తెచ్చుకునేవాణ్ణి. తర్వాత ఆవిణ్ణే అడిగాను. వంట ముగిశాక స్టూలు మీద కూర్చుని, ఆ రోజు మాటలు ఒక్కొక్కటీ ఫోన్లోకి చెప్పేది. వెనక గిన్నెల చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు. బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ఆ హోరుకే మాట గుర్తొచ్చేసేది. ఇది మోసమో కాదో తెలియదు, పని మాత్రం చేసింది.

ఉచ్చారణ విషయంలో తెలుగువాడిగా పుట్టడం ఇంత లాభమని నాకు ముందు తెలియదు. తూర్పు దేశపు ఇటాలియన్ అని తెలుగుని పొగుడుతుంటారు కదా, మాటల చివర అచ్చు ఉంటుందని. అది నిజమేగానీ ఆ ఒక్కటే కాదు. ఇటాలియన్‌లో ఒత్తు పలకకపోతే అర్థం మారిపోతుంది. పాల అంటే పార, పల్ల అంటే బంతి. నోనొ తొమ్మిదోవాడు, నొన్నొ తాతయ్య. సేతె దాహం, సెత్తె ఏడు. మా క్లాసులో సగంమంది ఈ ఒత్తుల దగ్గర కుస్తీ పడుతుంటే నాకు ఆశ్చర్యం వేసేది. గుడికీ గుడ్డికీ, గడికీ గడ్డికీ తేడా తెలిసినవాడికి ఇందులో కష్టం ఏముంది? పిజ్జా సంగతి ఇంకా విచిత్రం. మనం పిజ్జా అని రాస్తాం, ఇంగ్లీషు చదువుల వాళ్ళం పిట్జా అంటాం. అసలు శబ్దం చలి, చాప, చుక్కల్లో మనం పలికే చ. పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారే, అది. పిౘ్ౘ. గ్రాౘ్యె. దోమని ౙంౙార అంటారు, అది జల్లెడలో జ. ఫోన్ కీబోర్డులో ఆ రెండు అక్షరాలూ వెతికి పట్టుకోవడానికి టైం పట్టిందిగానీ, దొరికాక నా కార్డుల్లో అవే. వాళ్ళ సి అక్షరమైతే ఇ, ఎ ముందు మామూలు చ, చిలకలో లాగా. అక్షరాభ్యాసం నాడు ఊరికే దిద్దిన ఞ కూడా ఇక్కడ కొలువులో ఉంది, ఞొక్కి అనే బంగాళదుంప ఉండల పేరులో.

తెలుగు లిపి దెబ్బ కొట్టిన చోటూ ఉంది. మాటలో ఏ అక్షరం మీద ఊనిక పడాలో ఇటాలియన్ వాళ్ళు రాతలో సాధారణంగా చూపించరు. బల్ల తావొలొ. నేను నెలరోజులు తవోలొ అన్నాను. తెలేఫొనొని మన టెలిఫోన్ అలవాటులో తెలెఫోనొ అన్నాను. అప్పటి నుంచి ఊనిక ఉన్న చోట దీర్ఘం రాయడం మొదలుపెట్టాను, విని రాసేదేగానీ చూసి రాసేది కాదు.

అసలు విషయానికి వస్తే, తెలుగు వెనక పెట్టుకోవడం వల్ల మాటలకన్నా వాక్యాలు దారిలో పడ్డాయి. ‘మి ప్యాచె’ అని ఒకటుంది. ఇంగ్లీషు డెక్‌లో దాని వెనక ఐ లైక్. అలా నేర్చుకుంటే అంతా తలకిందులు, ఎందుకంటే ఇటాలియన్‌లో ఇష్టపడేది నేను కాదు, నచ్చేది కాఫీ. మి ప్యాచె ఇల్ కఫ్ఫె, నాకు కాఫీ నచ్చుతుంది. అదే పుస్తకాలైతే మి ప్యాచ్చొనొ, నాకు పుస్తకాలు నచ్చుతాయి. నచ్చుతుంది, నచ్చుతాయి అని మనం ఎక్కడ మారుస్తామో వాళ్ళూ అక్కడే మారుస్తారు. మి సేర్వె, నాకు కావాలి. మి సెంబ్ర, నాకు అనిపిస్తోంది. మి ఫ మాలె ల తెస్త, నాకు తల నొప్పెడుతోంది. ఓ ఫామె, నాకు ఆకలిగా ఉంది. ఓ పవూర, నాకు భయంగా ఉంది. చివరికి వయసు కూడా. ఇంగ్లీషులో నేను 24ని. తెలుగులో నాకు 24 ఏళ్ళు. ఇటాలియన్‌లో నాకు 24 ఏళ్ళు ఉన్నాయి.

దాంతో ఒక మోటు సూత్రం కట్టుకున్నాను. తెలుగులో ‘నాకు’ అని మొదలైతే ఇటాలియన్‌లో ‘ఓ’ గానీ ‘మి’ గానీ, ‘నేను’ అని మొదలైతే ‘సోనొ’. నేను అలసిపోయాను, సోనొ స్తాంకొ. ఇది అన్నిచోట్లా నిలవదు. నాకు సంతోషంగా ఉంది అనడానికి వాళ్ళు సోనొ కొంతెంతొ అంటారు. అయినా పదిలో ఎనిమిది సార్లు గట్టెక్కించింది. ‘సోనొ కాల్దొ’ అన్న నోరు తర్వాత మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. పైగా ఆ రాత్రికి సరైన మాట అసలు వేరే ఉందట, ‘ఆఫ’. గాలి ఆడని ఉక్క. కె ఆఫ! అబ్బ, ఏం ఉక్కపోతరా! ఇంగ్లీషు హాట్ ఒక్కటే మూటలో కట్టిన వేడి, కారం, ఉక్క ఇక్కడ మళ్ళీ మూడుగా విడిపోయాయి. కాల్దొ, పిక్కాంతె, ఆఫ.

చిన్నచిన్న ఊతపదాలకి ఇంగ్లీషు దండగ. ఎక్కొ, ఇదిగో. అల్లోర, సరే మరి. చొఎ, అంటే. ఎలా ఉన్నావంటే ఇన్సొమ్మ, ఏదోలే. ఈ కార్డులు చేసిన వారంలోనే హోటల్లో వాళ్ళ కబుర్లు వింటుంటే, మా మేనమామలు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు వినిపించడం మొదలైంది. విషయం అర్థం కాకపోయినా, ఎవరు విసుక్కుంటున్నారో ఎవరు దాటేస్తున్నారో తెలిసేది.

ఇక జలగలు. ఒక కార్డుని ఎనిమిది సార్లు తప్పితే అంకీ దానికి లీచ్, అంటే జలగ, అని ముద్ర వేస్తుంది. నా జలగలన్నీ ఒకే కుటుంబం. తొల్యెరె, షెల్యెరె, షొల్యెరె, రక్కొల్యెరె. తీసెయ్యడం, ఎంచుకోవడం, కరిగించడం, ఏరడం. తోకలన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ తెలుగు ఆదుకోకపోగా ఇంకాస్త ముడి వేసింది, ఎందుకంటే ‘ఏరు’ అంటే మనకి కింద పడ్డవి ఏరడమూ అవుతుంది, బియ్యంలో రాళ్ళు ఏరడమూ అవుతుంది, మంచివి ఏరుకోవడమూ అవుతుంది. నాలుగింటినీ నెలరోజులు చూడకుండా వదిలేశాను. తర్వాత ఒక్కొక్కటే, మధ్యలో రెండేసి వారాలు విరామం ఇచ్చి, హోటల్లో విన్న వాక్యంతో సహా, ఆ మాట స్థానంలో ఖాళీ పెట్టి చేశాను. షొల్యెరెకి వెన్న వచ్చింది, రక్కొల్యెరెకి నేల మీద పడ్డ ఫోర్కులు వచ్చాయి.

ఫోర్కులంటే గుర్తొచ్చింది. ఫోర్కు ఆడది, ల ఫొర్కెత్త. స్పూను మగది, ఇల్ కుక్క్యాయొ. ఎందుకో అడగకూడదు. మనకి వస్తువులన్నీ ‘అది’. అందుకని నామవాచకం ఒంటరిగా ఏ కార్డు మీదా పెట్టను, ముందు ఇల్ గానీ ల గానీ ఉండాల్సిందే. అయినా మాటల్లో ఇప్పటికీ పాలని ఆడది చేసేస్తాను.

ఒక్క జలగ మాత్రం ఇంకా వదల్లేదు, ‘నిపోతె’. దీని వెనక తెలుగు రాద్దామని కూర్చుంటే మనవడు, మనవరాలు, మేనల్లుడు, మేనకోడలు, అన్న కొడుకు, అక్క కూతురు అని కార్డు నిండిపోయింది. ఇటాలియన్ వాళ్ళు ఇంతమందినీ ఒక్క మాటలో కూర్చోబెట్టేశారు. ఆవిడ ‘నా నిపోతె వస్తున్నాడు’ అంటే మనవడేమో అనుకుని చాక్లెట్ పట్టుకెళ్ళాను. నలభై ఏళ్ళ మేనల్లుడు వచ్చాడు. చాక్లెట్ తిన్నాడులెండి.

బొమ్మలు పెట్టుకోవడం మంచిదని చాలామంది అంటారు. నేను ఎక్కువ పెట్టలేదు. ఒకసారి కొత్తిమీరకి కార్డు చేద్దామని ‘కొరియాందొలి’ అని బహువచనంలో వెతికితే, రంగురంగుల కాగితం ముక్కలు వచ్చాయి. కార్నివాల్ పండగలో చల్లుకునే కాగితాలని ఇక్కడ అదే పేరుతో పిలుస్తారు. ఒకప్పుడు పంచదార పూసిన ధనియాలు విసురుకునేవారట, పేరు అలా మిగిలిపోయింది. కొత్తిమీర ఏకవచనంలోనే ఉంది. అది దొరికేది కూడా మామూలు సూపర్‌మార్కెట్‌లో కాదు, పోర్త పలాౘ్ౘొ సంతలో మొరాకో వాళ్ళ దగ్గర, పుదీనా కట్టల పక్కన.

ఆ సంతకి వెళ్ళేటప్పుడే జరిగింది. శనివారం పొద్దున, నాలుగో నంబర్ ట్రాము, కాలు పెట్టే సందు లేదు. తలుపు దగ్గర నిలబడి ఫోన్లో కార్డులు చేసుకుంటున్నాను. వెనక నుంచి చక్రాల సంచీతో ఒక ముసలావిడ నా భుజం తట్టి ‘షెండె?’ అంది.

నేను ‘సీ, షెండొ’ అని, ఆవిడకి దారిచ్చి, స్టాపులో దిగి, నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఆ మాట నేనెప్పుడూ అర్థం చేసుకోలేదు. అంటే, అర్థం చేసుకుంటున్నానని తెలిసే లోపలే జవాబు చెప్పేశాను. గుంటూరు నుంచి తెనాలి వచ్చే ఆర్టీసీ బస్సులో ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డవాణ్ణి వెనకున్నవాళ్ళు ఏమని అడుగుతారు? ‘దిగుతారా?’ అని. మీరు అనే మాట కూడా ఉండదు, క్రియ చివర్లోనే మర్యాద ఉంటుంది. అక్కడా అంతే. మధ్యలో లండన్ లేదు.

అంతా ఇలాగే సాఫీగా సాగిందని కాదు. 2025 జనవరి, ఫిబ్రవరి పరీక్షలప్పుడు మూడు వారాలకు పైగా అంకీ ముట్టుకోలేదు. తెరిచేసరికి 1,112 కార్డులు బాకీ. కడుపులో తిప్పినట్టయింది. మూసేశాను. ఇంకో నాలుగు రోజులు ఆ అంకెని చూడటానికే భయపడ్డాను. యాప్ మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే మానేస్తారని నా నమ్మకం. బాకీ పెరిగిన కొట్టు ముందు నుంచి నడవడం మానేస్తామే, అలా. చివరికి రోజుకి 80 మించి చూపించొద్దని సెట్టింగ్ మార్చి, కొత్తవి పూర్తిగా ఆపేసి, నెలకు పైగా కట్టుకుంటూ వచ్చాను. అప్పుడే ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా ఆన్ చేశాను. ఎంత శాతం గుర్తుండాలో మనం చెబితే దాన్ని బట్టి తేదీలు వేస్తుంది. మొదట 90 శాతం అని ఉంటుంది. నేను 85కి దించాను. నూటికి ఐదు ఎక్కువ మరిచిపోతే నాకేం నష్టం లేదు, రోజువారీ బరువు మాత్రం బాగా తగ్గింది.

కార్డు చూస్తే అర్థం తెలియడం వేరు, అవసరానికి నోటికి రావడం వేరు. దీనికి తిరగేసిన కార్డులు పెట్టుకోవాలి, ముందు తెలుగు, వెనక ఇటాలియన్. ‘వార్చు’ అని చూపిస్తే స్కొలారె అని పైకి అనాలి, మనసులో కాదు. బస్సులో సిగ్గేస్తుంది. అందుకని ఇవి గిన్నెలు తోమేటప్పుడు చేసేవాణ్ణి, ఫోన్ షెల్ఫు మీద నిలబెట్టి, తడి చేత్తో కాకుండా మోచేత్తో బటన్ నొక్కుతూ. ఆవిడ అటుగా వెళ్తూ తప్పులు దిద్దేది. తొలవడానికీ తోమడానికీ తేడా ఏమిటో ఇటాలియన్‌లో ఆవిడ నాకు చేసి చూపించింది, షక్క్వారె, స్త్రొఫినారె. తెలుగులో ఆ తేడా నాకు ముందే తెలుసనుకోండి, అమ్మ పుణ్యం.

ఇప్పుడు నా డెక్‌లో 2,300 చిల్లర కార్డులు ఉన్నాయి. అన్నీ నేను చేసుకున్నవే, రోజుకి నాలుగైదు చొప్పున. కార్డు చెయ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది, దించుకుంటే అదీ పట్టదు. ఆ రెండు నిమిషాల్లోనే మాట సగం వచ్చేస్తుందని నాకు అనిపిస్తుంది, నిరూపించలేను. పేపర్ చదవడానికి పాత డెక్‌లోని ‘అయినప్పటికీ’లు కూడా కావలసి వచ్చాయి, వాటిని కూడా ఒక్కొక్కటే తవ్వి తీసి, వెనక తెలుగు పెట్టుకున్నాను.

నిన్న రాత్రి 41 వచ్చాయి. అందులో స్కొలారె ఒకటి, చాలా నెలల తర్వాత. వెనక నుంచి ఆవిడ గొంతు, ఫ్యాన్ హోరు. గుడ్ నొక్కబోతే బటన్ మీద చూశాను, మళ్ళీ ఏడాదిన్నర తర్వాత చూపిస్తుందట. డిసెంబర్లో థీసిస్ ఇస్తున్నాను. పర్మిట్ తర్వాత సంగతి తేలలేదు. అమ్మకి చెబితే, “అప్పటికి మర్చిపోతావేమో, ఇంటికొచ్చి ఒకసారి గంజి వార్చు” అంది.